నిలువుదోపిడి కొండమీదే... కొండకింద వద్దు!

పాత బంగారమో వెండో అమ్మబోతున్నవాళ్ళు అంగడి మెట్లెక్కే ముందు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. చదువు రానివాళ్ళకు పక్కనున్నవాళ్ళు చదివి వినిపించండి.

నిలువుదోపిడి అంటే ఏమిటో తిరుపతిలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. ఒంటిమీద ఏ నగలతో కొండెక్కితే ఆ నగలన్నీ ఒలిచి స్వామి హుండీలో వేసేయడం. అది మొక్కు. ఇచ్చినాక మనసు తేలికపడుతుంది. మరి అవసరానికి మెడలో సరుడు అమ్ముకోవడానికి గాంధీ రోడ్డుకో, చిత్తూరు బజారు వీధికో పోయి, తూకంలో కొంత, టచ్చులో (వందలో మేలిమి ఎంతన్న లెక్కలో) కొంత, తరుగు పేరు చెప్పి ఇంకొంత వదులుకుని, చేతికొచ్చిన నోట్లు కొంగున కట్టుకుని బస్టాండుకు నడిచే ఆడమనిషి ఏ మొక్కు తీర్చుకున్నట్టు?

ఈ కరపత్రం వేసినవాడు ఏ పార్టీ మనిషీ కాదు. నలభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చున్న ఆచారిని. రెడీమేడ్ నగల షోరూములు వచ్చినాక మాకు పని తగ్గింది, నాకు చూపూ తగ్గింది, ఊదుగొట్టం అటక మీద పెట్టేశాను. తల్లి ముక్కుపుడకలోనైనా గోరంత గీరకుండా ఉండడని కంసాలి మీద సామెతే ఉంది. కాదని వాదించను. ఎక్కడెక్కడ గీరవచ్చో నాకు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

2025 జూన్‌లో ఏమైందో మామిడి రైతులకు చెప్పక్కర్లేదు. తోతాపురి కాయ కొనే దిక్కు లేక ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. చివరికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, పైన ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు. ఆ రోజుల్లోనే కార్వేటినగరం పక్క పల్లె నుంచి ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. వాళ్ళ అత్తకు పెళ్ళినాడు నేను చేసిచ్చిన మూడు సవర్ల సరుడు ఆ అమ్మాయి మెడలో ఉండేది. ఆ రోజు మెడ బోసిగా ఉంది.

"మామా, నువ్వు చేసిన సరుడేగదా. ఎనబై టచ్చు కూడా పలకడంలేదన్నారే అంగట్లో!"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మూడు సవర్లంటే 24 గ్రాములు. బిళ్ళ బంగారం తెచ్చి వాళ్ళ కళ్ళముందే కరిగించి చేసిన నగ అది. అతుకులకు వేసిన పొడి పోగా 90 టచ్చుకు తగ్గదు. "చీటీ ఏది పాపా?" అన్నాను. కొంగు ముడి విప్పి ఇచ్చింది. అరచేతిలో సగం కూడా లేని తెల్లకాగితం. దానిమీద రెండే ముక్కలు: 'పాత గోల్డ్', పక్కన రూపాయలు. తూకం లేదు, టచ్చు లేదు, రేటు లేదు, అంగడి పేరు కూడా లేదు.

తూకం ఇరవై మూడూ చిల్లర అన్నారని, దాంట్లో మురికి కింద కొంచెం తీసేశారని, ఎనబై టచ్చు కట్టారని, మూడు శాతం తరుగు అన్నారని ఆ అమ్మాయి గుర్తు తెచ్చుకుని చెప్పింది. ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. అన్నేళ్ళ అరుగుదల పోగా సరుడు 23.400 గ్రాములు. 90 టచ్చు మీద అందులో మేలిమి 21.06 గ్రాములు. ఆ రోజుల్లో మేలిమి గ్రాము పదివేలకు అటూఇటూ. పదివేలే వేసుకున్నా 2,10,600 రూపాయలు. అంగట్లో కట్టిన లెక్క: మురికి తీసి 23.100, ఎనబై టచ్చు మీద 18.48 గ్రాములు, తరుగు కోసి 1,79,256. తేడా 31,344 రూపాయలు. ఫ్యాక్టరీ ఇచ్చే ఎనిమిది రూపాయల లెక్కన అది దాదాపు నాలుగు టన్నుల తోతాపురి. ఏడాది పొడుగునా మందులు కొట్టి, కాపలా కాసి, కోత కూలి ఇచ్చి, ట్రాక్టరుకెత్తిన కాయ విలువ అంగట్లో పది నిమిషాల్లో ఆవిరైంది.

పోయి అడుగుదామంటే ఏమని అడగాలి? సరుడు అప్పటికే ముద్దయింది. నగతోపాటు రుజువు కూడా మూసలో కరిగిపోయింది.

అందుకే అడిగేది ఒక్కటి. నాలుగు అంకెలు కాగితం మీదకు ఎక్కనిదే మీ నగను కుంపటి మీదకు ఎక్కనివ్వకండి. నగ మొత్తం తూకం. రాయి, లక్క, దారం తీసినాక తూకం. టచ్చు. ఆ రోజు రేటు.

తూకం మాట ముందు చెబుతాను, అది తేలిక. కాటా అంకెలు మీవైపు తిరిగి ఉండాలి. నగ పెట్టకముందు సున్నా చూపాలి. పైన ఫ్యాను తిరుగుతుంటే ఆపమనండి, సిగ్గుపడకండి. మిల్లీగ్రాముల కాటా గాలికి కూడా ఊగుతుంది. ప్రతి ఎలక్ట్రానిక్ కాటాకూ తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి ముద్ర వేయాలి, ఆ సర్టిఫికెట్ అంగట్లో అందరికీ కనబడేలా పెట్టాలి. అడిగి చూడండి. నాకు తెలిసిన చిట్కా ఇంకొకటి. నగతోపాటు ఒక రూపాయి బిళ్ళ తీసుకెళ్ళండి. మొదటి అంగట్లో దాన్నీ తూయించి రాసుకోండి, రెండో అంగట్లోనూ తూయించండి. రూపాయి బిళ్ళ దారిలో అరిగిపోదు. రెండు చోట్లా రెండు తూకాలు చూపితే అబద్ధమాడేది బిళ్ళ కాదు, కాటా.

రాళ్ళ దగ్గర ఓర్పు కావాలి. కెంపుల కమ్మలు, రాళ్ళ నెక్లెసు తీసుకెళ్తే "రాళ్ళకు రెండు గ్రాములు తీసేద్దాం" అని నోటిలెక్క చెబుతారు. ఒప్పుకోకండి. రాళ్ళు ఊడదీయించి విడిగా తూయించండి. ఊడదీసిన రాళ్ళు మీవే, నల్లపూసలు మీవే, పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చుకోండి. డొల్ల గుండ్లలో, వంకీల్లో లక్క ఉంటుంది. అది తీయాలంటే వేడి చేయాలి, అది న్యాయమే. మీ కళ్ళముందు తీయాలి, అంతే.

అసలు దోపిడి టచ్చు దగ్గర. వందలో మేలిమి ఎంత అన్నదే టచ్చు. 22 క్యారెట్లంటే 91.6, 18 అంటే 75. మా కాలంలో గీటురాయి మీద గీసి, ఆ గీతకు ఆసిడ్ చుక్క పెట్టి, రంగు చూసి చెప్పేవాళ్ళం. అనుభవం ఉన్న కంటికి అది చాలావరకు దగ్గరగానే దొరికేది. ఇప్పుడు క్యారెట్ మిషన్లు వచ్చాయి. ఎక్స్‌రే పడుతుంది, అర నిమిషంలో అంకె వస్తుంది. మిషను అబద్ధం చెప్పదు గాని, మిషను కింద ఏ తావు పెట్టారన్నది మనిషి చేతిలో ఉంది. అది పైపొరనే చదువుతుంది. అతుకు మీద పెడితే పొడిలోని రాగి, వెండి చదివి ఎనబై చూపిస్తుంది. అదే సరుడు కడియం మీద పెడితే తొంభై చూపిస్తుంది. కొక్కెం దగ్గర ఇంకో అంకె. కాబట్టి మూడు చోట్ల పెట్టించండి, మూడూ రాయించండి. "మిషను ఎనబై అంది" అంటే "ఎక్కడ పెడితే అంది?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు అంగట్లో గొంతు మారిపోతుంది.

ఇక్కడ మనవాళ్ళ పొరపాటు కూడా ఒకటుంది. వెనకటి నగమీద 'కేడీఎం' అని ఉంటే అది స్వచ్ఛత ముద్ర అనుకుంటారు. కాదు. కాడ్మియం కలిపిన పొడితో అతికించారని మాత్రమే దాని అర్థం. పాత చేతిపని నగకు 91.6 రావాలని పట్టుబట్టడమూ న్యాయం కాదు, అతుకుల పొడి తగ్గించి తీరుతుంది.

ఇప్పటి ముద్ర సంగతి వేరు. 2021 జూన్ 23 నుంచి చాలా జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేని కొత్త నగను ఆ జిల్లాల్లో అమ్మకూడదన్నారు. ఆ ఆరు అక్షరాలు ఫోనులో, హాల్‌మార్కు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే నగ ఏదో, టచ్చు ఎంతో, ఎక్కడ పరీక్ష చేశారో వస్తుంది. అలాంటి నగను కూడా "916 లేదు" అని ఎవరైనా అంటే సంతోషంగా "రాసివ్వండి" అనండి. ముద్ర ఉన్న నగలో బీఐఎస్ కేంద్రం పరీక్షలో టచ్చు తక్కువ తేలితే, తగ్గినదానికి రెండింతలు, పరీక్ష ఖర్చు కలిపి, ఆ నగను మీకు అమ్మిన అంగడి చెల్లించాలని నిబంధన. రాసివ్వమనగానే 916 దానంతటదే తిరిగి వస్తుంది. నేను చూశాను.

హాల్‌మార్కు లేని పాత నగను అసలు కొనకూడదని భయపెట్టేవాళ్ళున్నారు. అది పచ్చి అబద్ధం. ఇంట్లోని పాత నగను ముద్ర లేకుండానే అమ్ముకోవచ్చు, వ్యాపారి కొనవచ్చు. అంత అనుమానంగా ఉంటే బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో మీరే పరీక్ష చేయించుకోండి. నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు, పైన పన్ను. ముప్పై వేలు పోగొట్టుకున్న అమ్మాయికి ఆ రెండు వందల సంగతి ముందు చెప్పినవాళ్ళు లేరు.

రేటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పొద్దున పేపర్లో ఉంటుంది. 2025 అక్టోబరులో పది గ్రాముల మేలిమి లక్షా ముప్పై వేలు దాటింది; ఇంత ధరలో టచ్చులో ఒక అంకె తగ్గినా వేలల్లో పోతుందని మాత్రం గుర్తు పెట్టుకోండి. వ్యాపారి తన లాభం కింద కొంచెం తగ్గించుకోవడం తప్పు కాదు, ఆయనా అంగడి అద్దె కట్టాలి. అయితే అది రేటులోనే తగ్గించి చెప్పాలి. మురికిలో కొంచెం, టచ్చులో కొంచెం, తరుగులో కొంచెం అని మూడు జేబుల్లో వేసుకోకూడదు. తరుగు నగ చేసేటప్పటి మాట. అమ్మేటప్పుడు తరుగు దేనికి? కరిగిస్తే పోయేది మురికీ లక్కే. అవి ముందే తీసేశారు గదా! "జీఎస్టీ పోను" అన్నా వినకండి. ఇంటివాళ్ళు పాత నగ అమ్ముకుంటే దానిమీద జీఎస్టీ లేదని 2017 జులైలోనే కేంద్రం చెప్పింది.

డబ్బు ఖాతాలో వేయమనండి. పదివేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును ఆదాయపన్ను లెక్కలో చూపించుకోవడానికి వ్యాపారికి కుదరదు. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే జరిమానా మనకే. లక్షన్నర నోట్లు మారుమాట లేకుండా చేతిలో పెడుతున్నారంటే మీ నగ వాళ్ళ పుస్తకంలో ఎక్కలేదని అర్థం చేసుకోండి. పుస్తకంలో లేని నగకు రేపు జవాబు చెప్పేవాళ్ళుండరు. ఆధార్ జిరాక్సు అడిగితే ఇవ్వండి, దొంగసొత్తు కొనకుండా ఉండటానికి వాళ్ళకది అవసరం. జిరాక్సు మీద అడ్డంగా 'ఈ నగ అమ్మకానికి మాత్రమే' అని తేదీతో రాసి ఇవ్వండి.

ఇంకొక ఉచ్చు ఉంది. కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనక చూసే ఉంటారు: కుదువలో ఉన్న బంగారం విడిపించి కొంటామని. వాళ్ళ మనిషి మీతో బ్యాంకుకు వస్తాడు, అప్పు కడతాడు, నగ మీ చేతికి రాగానే నేరుగా వాళ్ళ అంగడికి తీసుకెళ్తాడు. అక్కడ రేటు నచ్చకపోతే లేచి రాలేరు, ఎందుకంటే అప్పటికి మీరు వాళ్ళకు లక్షలు బాకీ. బేరం బ్యాంకు మెట్ల మీదే అయిపోయింది, మీకు తెలియలేదు, అంతే. అట్లా పోక తప్పకపోతే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. అప్పు కట్టకముందే నాలుగు అంకెలు రాయించుకోండి. వాటిలో మూడు ఇప్పటికే మీ దగ్గర ఉండవచ్చు. కుదువ పెట్టినప్పుడు నగ తూకం, నికర తూకం, క్యారెట్లు రాసిన పత్రం అప్పిచ్చినవాళ్ళు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది, 2026 ఏప్రిల్ 1 లోపు అందరూ అమలు చేయాలంది. బ్యాంకు 22 క్యారెట్లని రాసిన గాజు అదే వీధిలో నాలుగంగళ్ళు దాటేసరికి 19 ఎట్లా అవుతుందో ఆ పత్రం చూపించి అడగండి.

అసలు అమ్మాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. అదే నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. తీర్చినాక ఏడు పనిదినాల్లోపు నగ తిరిగి ఇవ్వకపోతే, తప్పు వాళ్ళదైతే, రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి. కాయ అమ్ముడుపోగానే తీర్చగలమనుకునేవాళ్ళు కుదువే పెట్టుకోండి. వడ్డీ కట్టలేమని తెలిసినవాళ్ళు మాత్రం మొహమాటం లేకుండా అమ్మేయండి. వేలంలో పోగొట్టుకోవడం కంటే అది మేలు.

వెండికి దిక్కు లేదు. కాలి గొలుసులు, కుందులు, పంచపాత్ర, పిల్లల మొలతాళ్ళు కొన్నప్పుడు నిండు వెండి రేటే కట్టించుకుంటారు. అమ్మబోతే అరవై, డెబ్బై టచ్చంటారు. అతుకులు ఎక్కువ ఉన్న గొలుసుల్లో కొంత నిజమూ ఉంది. వెండికి హాల్‌మార్కు తప్పనిసరి కాదు, 2025 సెప్టెంబరు 1 నుంచి కోరుకున్నవాళ్ళకు హెచ్‌యూఐడీతో వేస్తున్నారు. ఇకముందు కొనేవాళ్ళు 925 ముద్ర చూసి కొనండి. పాత వెండిని కూడా మిషను కింద పెట్టించండి, బంగారానికే గాని వెండికి మిషను వాడం అంటే ఇంకో అంగడికి పోండి. ఇంటిముందుకు వచ్చి మెరుగు పెడతామనేవాళ్ళకు మాత్రం ఏదీ ఇవ్వకండి. ఆ గిన్నెలోని ఆసిడ్‌లోకి మీ బంగారం కొంత దిగుతుంది. గొలుసు మెరుస్తూ వస్తుంది, తేలికై వస్తుంది.

కాగితం అడగడానికి మొహమాటపడేవాళ్ళకు ఒక మాట. స్వామి అంతటివాడే పెళ్ళి అప్పుకు కుబేరుడికి సాక్షులను పెట్టి పత్రం రాసిచ్చాడని మనం చెప్పుకుంటాం. అది పురాణం. 2019 ఏప్రిల్ 17న జరిగింది మన కళ్ళెదుటి సంగతి. చెన్నైలోని బ్యాంకు నుంచి తిరుపతికి వస్తున్న తితిదే బంగారం 1,381 కిలోలను తిరువళ్ళూరు జిల్లాలో ఎన్నికల తనిఖీ బృందం ఆపేసింది. కారణం, బండిలో సరైన కాగితాలు లేవు. సాక్షాత్తు శ్రీవారి బంగారం! కాగితాలు చూపించినాకే కొండకు చేరింది. ఏడుకొండలవాడి బంగారానికే కాగితం కావాల్సివస్తే మీ ముక్కుపుడకకు అడగడంలో తప్పేముంది?

అంగడి సేట్లకు, ఆచారులకు, మావాళ్ళకు కూడా చెబుతున్నాను. మీలో నిజాయితీపరులు ఎక్కువమందే ఉన్నారు, వాళ్ళను నేనెరుగుదును. మీ కొనుగోలు రేటు పొద్దున్నే పలక మీద రాసి పెట్టండి. కాటా తిప్పి పెట్టండి. కరిగించే ముందు అడగండి. కింది చీటీ నింపి ముద్ర వేసి ఇచ్చే అంగడి ముందు జనం బారులు తీరతారు. ఇవ్వని అంగడి ఖాళీ అవుతుంది. మా పని మీద పడిన సామెత పోవడానికి నాకు వేరే దారి కనబడలేదు.

కాటా మీద అనుమానం వస్తే జిల్లా తూనికలు కొలతల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కొన్న నగ టచ్చు తక్కువైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మోసం జరిగిందని తెలిస్తే పోలీస్ స్టేషన్. ఎక్కడికి పోయినా మొదట అడిగేది చీటీయే.

ఒంటరిగా పోకండి. గంగమ్మ జాతరకు పోయినట్టు ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. రెండంగళ్ళు తిరిగినాకే మాటివ్వండి. కింది చీటీ చించి కొంగున కట్టుకుని పోండి, నింపమనండి, నింపినాకే నగ వదలండి. పక్కింటివాళ్ళకు కావాలంటే జిరాక్సు తీయించి ఇవ్వండి.

. . . . . . . . . . ఇక్కడ చించుకోండి . . . . . . . . . .

తేదీ: ____________

వస్తువు: ____________

నగ మొత్తం తూకం: ________ గ్రా.

రాళ్ళు, లక్క, దారం తీసినాక తూకం: ________ గ్రా.

టచ్చు: కడియం మీద ______ అతుకు మీద ______ కొక్కెం మీద ______ కట్టినది ______

ఈ రోజు అంగడి కొనే మేలిమి రేటు, గ్రాముకు: రూ. ____________

వేరే కోతలు ఏమైనా ఉంటే, ఎందుకో: ____________

చేతికి వచ్చేది: రూ. ____________ ఖాతాకు / నగదు

తిరిగి ఇచ్చిన రాళ్ళు, పూసలు: ____________

కరిగించడానికి ఒప్పుకున్నాను / ఒప్పుకోలేదు. అమ్మేవారి సంతకం: ____________

అంగడి ముద్ర, సంతకం: ____________